ఎత్తని ఫోను

అనపగింజ పితకడానికి ఒక ఒడుపు ఉంది. రాత్రంతా నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి కొస దగ్గర నొక్కాలి. పప్పు తొక్క వదిలి ఎగిరి గిన్నెలో పడుతుంది. ఎక్కువ నొక్కితే నలుగుతుంది. తక్కువ నొక్కితే కదలదు. ప్రేమకుమారి వేళ్ళకు ఈ ఒడుపు పదేళ్ళ వయసులో, హొసకోటెలో అబ్బింది. ఇప్పుడామెకు నలభై రెండు. అత్తగారింట్లో ఆ వేళ్ళకు పేరు వచ్చింది ఈ ఒక్క పనిలోనే.

ఆదివారం పొద్దున తొమ్మిది. ఆస్పత్రిలో డాక్టరుగా రాత్రి డ్యూటీ దిగి ఆమె మహదేవపురలోని ఇంటికొచ్చి గంటయింది. స్నానం చేసిన తల ఆరకముందే అత్తగారు సరోజమ్మ బేసిన్ నిండా నానిన గింజలు తెచ్చి ముందు పెట్టింది. మధ్యాహ్నానికి రాగిముద్ద, పితికిపప్పు పులుసు. హొసకోటె నుంచి చిన్నమామ మునిరాజు భోజనానికి వస్తున్నాడు. ఆదివారం పనిమనిషి నర్సమ్మకు సెలవు. కోడలికి సెలవు లేదు.

"అంగట్లో పితికిన పప్పే అమ్ముతారు కదత్తా," అంది ప్రేమ.

"అంగడి పప్పు మీ మామ నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఆయప్ప పేరు మీద చేసే పనికి అంగడి పప్పేంటికి?" అంది సరోజమ్మ.

చనిపోయి ఎనిమిదేళ్ళయిన మనిషి ఏ పప్పు తినేవాడన్నది ఆ ఇంట్లో ఇంకా చెల్లుబాటయ్యే మాటే.

ఆయప్ప పేరు మీద చేసే పని కింద వాటాలో తయారైంది. మూడు నెలల క్రితం ఆమె భర్త రాజగోపాల్ అద్దెకున్న టైలరును ఖాళీ చేయించాడు. గోడలకు సున్నం వేయించాడు. మేజా, పరుపు బల్ల, ఆకుపచ్చ తెర తెప్పించాడు. ఒక సాయంత్రం ఆమెను కిందికి పిలిచి లైటు వేసి చూపించాడు. బోర్డు కూడా వచ్చేసింది. 'వెంకటరమణప్ప స్మారక క్లినిక్.' అది న్యూస్ పేపరు చుట్టుకుని మెట్ల కింద నిలబడి ఉంది. పొద్దున పదినుంచి ఒంటిగంట, సాయంత్రం అయిదునుంచి ఎనిమిది. జ్వరాలు, దగ్గులు, షుగర్లు. మధ్యలో వంట చేసుకోవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. మునిరాజు వచ్చేది ముహూర్తం పెట్టడానికే. ముహూర్తం పెట్టాలంటే ఆమె ఆస్పత్రి ఉద్యోగం మానాలి. ఆ రాజీనామా కూడా రాజగోపాలే రాశాడు. ఆమె ఫోనులో మెయిల్ టైపు చేసి దాచిపెట్టాడు. "నీకు పనేం లేకుండా చేసినా. సెండ్ నొక్కితే చాలు," అన్నాడు. ఇంత సాయం అతడు ఆమెకు పద్దెనిమిదేళ్ళలో ఇంకే పనిలోనూ చేయలేదు.

అదే ఫోనులో ఇంకో మెయిల్ ఉంది. అత్యవసర గుండె విభాగం పెద్ద డాక్టరు నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి ఆమె పేరు రాసి పంపాడు. యాజమాన్యం ఒప్పుకుంది. సోమవారం లోపు జవాబు చెప్పమంది. గురువారం రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ మాట చెప్పినప్పుడు రాజగోపాల్ చట్నీ వేసుకుంటూ, "కంగ్రాట్స్. బట్ మనం ఆల్రెడీ డిసైడ్ అయినాం కదా," అన్నాడు. ఆ మనంలో ఆమె ఎప్పుడు చేరిందో ఆమెకు గుర్తు లేదు.

గింజలు పితుకుతుంటే ఆమె నరాల్లో రాత్రి ఇంకా మోగుతూనే ఉంది. నాలుగున్నరకు ఒక లారీ డ్రైవరును తెచ్చారు. ముప్పై మూడేళ్ళు. తలుపు దాటుతుండగా గుండె ఆగింది. ఏడుగురు అతని చుట్టూ చేరారు. ఒకరు ఛాతి నొక్కుతున్నారు, ఒకరు ఊపిరి కొడుతున్నారు, ఒకరు సూది, ఒకరు గడియారం. ప్రేమ మంచం కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. అదే ఆమె పని. పెద్ద డాక్టరు మొదటి ఏడాదే నేర్పాడు. నడిపించే మనిషి చెయ్యి పెట్టకూడదు, చెయ్యి పెట్టిన క్షణం ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించదు. ఆమెకు మొత్తం కనిపిస్తుంది. నొక్కుతున్న కుర్రడాక్టరు మోచేయి వంగుతోంది, మనిషిని మార్చాలి. తెర మీద గీత వణుకుతోంది, ఇప్పుడు షాక్ ఇవ్వాలి. "అందరూ దూరం," అంటే ఏడుగురూ వెనక్కి జరుగుతారు. ఆ అర క్షణం నిశ్శబ్దంలో ఆమెకు తన గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. మూడో షాకుకు గీత లేచి నిలబడింది. డ్రైవరు దగ్గాడు. పదిహేడేళ్ళుగా చూస్తోంది, ఇప్పటికీ ఆ దగ్గు వింటే ఆమె అరికాళ్ళనుంచి ఏదో జివ్వున లేస్తుంది. పెళ్ళిలో లేవలేదు, బిడ్డ పుట్టినప్పుడు లేచింది, ఇక్కడ లేస్తుంది. ప్రపంచంలో ఆమె చేతులు కట్టుకుని నిలబడి మాట చెబితే పని జరిగే చోటు అదొక్కటే. ఇంట్లో ఆమె చేతులు కట్టుకుంటే ఒంట్లో బాగలేదా అని అడుగుతారు.

అక్కడ మాత్రం అందరూ తలొంచారని కాదు. రోగి బంధువులు ఇప్పటికీ ఆమెను "సిస్టర్, డాక్టర్ ఎప్పుడొస్తారు" అని అడుగుతారు. ఆమె ఆపమంటే, మత్తు డాక్టరు మగవాడైతే, కొత్తపిల్లలు అతని మొహం చూసి ఆపుతారు. కూతురు సహన పాలు తాగే రోజుల్లో దుప్పట్లు పెట్టే గదిలో తలుపుకు వీపు ఆనించి పాలు పిండుకుంది. చేతి గడియారం ఛాతి నొక్కే మధ్యలో వణికేది. చూస్తే రాజగోపాల్ మెసేజ్: గ్యాస్ బుక్ చేసినావా. ఇవన్నీ ఆమె మోసింది. బరువుగా ఉన్నది ఇవి కావు.

బరువుగా ఉన్నది ఒక మాట. ఆ మాట ఆ ఇంట్లో గోడ గడియారంలా రోజూ వినిపిస్తుంది. సరోజమ్మ వచ్చినవాళ్ళందరికీ కాఫీతోపాటు ఇస్తుంది. "లోకమంతా బతికించే చెయ్యి. మా ఇంటి ఫోన్ మాత్రం ఎత్తలేదు." ఎనిమిదేళ్ళ క్రితం ఒక పొద్దున మామ వెంకటరమణప్ప కాఫీ గ్లాసు పట్టుకుని కూలిపోయాడు. ప్రేమ ఆస్పత్రిలో ఉంది. రాజగోపాల్ ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. ఇదీ ఆ ఇంటి కథ. చుట్టాలకు తెలుసు, వీధికి తెలుసు. ఏటా తిథినాడు విస్తళ్ళ ముందు ఎవరో ఒకరు మళ్ళీ చెబుతారు. ఇప్పుడు ఆ కథ కింద వాటాలో క్లినిక్ అయింది. "నాన్న పేరు మీద పెడితే అమ్మ మనసు చల్లబడుతుంది. నీకూ రిలీఫ్ కదా," అన్నాడు రాజగోపాల్. చేసిన తప్పుకు పరిహారం అని అతడు అనలేదు. అనే అవసరం లేకుండా అన్నాడు.

"మెయిల్ పంపించినావా?" హాలులోంచి రాజగోపాల్ అడిగాడు. పొద్దుననుంచి ఇది మూడోసారి.

"చేతులు తడిగా ఉన్నాయి," అంది.

పదకొండున్నరకు మునిరాజు వచ్చాడు. బూడిద రంగు సఫారీ, చంకలో పంచాంగం. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నవ్వాడు. "ఏమమ్మా డాక్టరమ్మా, ఇంక రాత్రులు తిరిగేది తప్పుతుంది బిడ్డా. ఇల్లు ఇల్లు మాదిరి అవుతుంది."

"ఇప్పుడు ఏ మాదిరి ఉంది చిన్నమామా?"

"హోటల్ మాదిరి. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు."

"హోటల్లో గింజలు పితికేదానికి మనిషిని పెడతారు," అంది ప్రేమ. మునిరాజు మరోసారి నవ్వి హాలులోకి పోయాడు.

సరోజమ్మ పొయ్యిమీద ముద్దకు ఎసరు పెట్టింది. బేసిన్‌లో ఇంకా సగం గింజలు ఉన్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. నర్సమ్మ. సెలవు రోజు నర్సమ్మ ఫోన్ చేయదు. ప్రేమ తడి చేత్తోనే ఎత్తింది.

"అక్కా, ఈయన కూసున్నోడు కూసున్నట్టే పడ్డడు. పిలిస్తే పలుకుతలేడు. నోరు తెర్సి ఊపిరి గుంజుతుండు. 108కి చేసిన. తర్వాత నీకు చేయమన్నవ్ గద."

అన్నది నిజమే. ఆరు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, ఇల్లు తుడిచాక, సోఫా దిండు కింద పడేసి నర్సమ్మకు ఛాతి నొక్కడం నేర్పింది ప్రేమ. మనిషి పడిపోయి పలకకపోతే ముందు 108, తర్వాత నేను, అని చెప్పింది. రాజగోపాల్ అది చూసి, పనిమనిషికి పని తప్ప అన్నీ నేర్పిస్తోందని తల్లితో నవ్వాడు.

నర్సమ్మ మొగుడు మల్లయ్య మేస్త్రీల కింద పని చేస్తాడు. పాలమూరు నుంచి వచ్చి కుందలహళ్ళిలో, కడుతున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్లలో ఉంటారు. ఇక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు. ఆదివారం కూడా ఆ రోడ్డు మీద పావుగంట. మల్లయ్య మెదడుకు పావుగంట లేదు. చేతులు అక్కడికి పోలేవు. గొంతు పోతుంది. ప్రేమ స్పీకరు నొక్కి ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించింది.

వెనక మగ గొంతులు వినిపిస్తున్నాయి. అందులో ఒకటి పెద్దది. అది నర్సమ్మ ఎప్పుడూ చెప్పే షెడ్ల పెద్దమేస్త్రీ హనుమంతుది. "ఎగశ్వాస వట్టింది నర్సమ్మా. ఇగ అయిపోయినట్టే. నోట్లె తులసి తీర్థం పొయ్యి. ఉత్త నోటితోని పంపకు."

"తీర్థం పొయ్యమంటున్రక్కా. గిలాస తెచ్చిన్రు."

"పొయ్యొద్దు," అంది ప్రేమ. "చుక్క కూడా వద్దు. గ్లాసు అవతల పెట్టించు. ఆ గుంజేది ఊపిరి కాదు నర్సమ్మా. గుండె ఆగిపోయింది, మెదడు ఇంకా బతికుండాది, అదే కొట్టుకుంటా ఉండాది. ఎగశ్వాస వస్తే మనిషి పోయినట్టు కాదు. నొక్కితే వచ్చేదానికి వీలుండాదని. దిండు మీద నేర్పినాను కదా. కటిక నేల మీద పడుకోబెట్టు. పక్కన మోకాళ్ళ మీద కూచో."

పొయ్యి దగ్గర సరోజమ్మ చేతిలో తెడ్డు ఆగింది. ప్రేమ అటు చూడలేదు.

"అక్కా, ఇంతమంది ముంగట, మొగుని ఛాతి మీద ఎక్కి నూకితే ఏమంటరు..."

"నూకు. రేపు తిట్టుకోనీ. తిట్టేదానికైనా ఆయప్ప లేచి కూచోవాల కదా. అరచేయి మడమ ఛాతి నడిమధ్యన పెట్టు. రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచొద్దు. నీ బరువంతా వెయ్యి. రెండంగుళాలు దిగాల. దిగినాక పూర్తిగా పైకి రానీ. నేను చెప్తాను, నాతో నొక్కు. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

ఆమె పదిదాకా పోయి మళ్ళీ ఒకటికి వచ్చింది. పది దాటితే తెలుగు అంకెలు పొడుగవుతాయి. పదకొండు, పన్నెండు అనేసరికి నాలుకతోపాటు చేతులు నెమ్మదిస్తాయి. అందుకే ఆమె ఎవరికి నేర్పినా పది దాటనివ్వదు. నిమిషానికి నూటపది. ఫోన్లోంచి రేకుల షెడ్డు మట్టినేల మీద అరచేతుల చప్పుడు, నర్సమ్మ ఆయాసం, గాజుల మోత వస్తున్నాయి. మోత సమంగా ఉంది. ప్రేమకు ఒళ్ళంతా చెవులయింది. మంచం కాళ్ళ దగ్గర ఏడుగురిని చూసే కళ్ళు ఇప్పుడు చెవుల్లోకి వచ్చాయి.

"చప్పుడు మెత్తగా వస్తా ఉంది. పరుపేమన్నా వేసినారా?"

"బొంత ఉందక్కా."

"తీయించు. గట్టి నేల కావాల. ఆపొద్దు. అయిదు, ఆరు, ఏడు..."

రాజగోపాల్ గుమ్మంలోకి వచ్చాడు. చేయి కిందికి ఊపుతూ గొంతు తగ్గించమని సైగ చేశాడు. ఆమె తగ్గించలేదు. "చిన్నాన్న ఉండాడు ప్రేమా. స్పీకర్ ఆఫ్ చెయ్యి. అంబులెన్స్ వస్తుంది కదా, వాళ్ళు చూసుకుంటారు," అన్నాడు. హాలులోంచి మునిరాజు, "ఎగశ్వాస వచ్చినాక ఇంకేముంది బిడ్డా, శాంతంగా పోనీయండి ఆ మనిషిని," అన్నాడు.

ఎనిమిది, తొమ్మిది, పది. ఒకటి.

"అక్కా." నర్సమ్మ గొంతు పగిలింది. "ఎముక పలికింది. నా చేయి కింద. నేనే ఇరగ్గొట్టిన."

"పలకనీ. ఎముక అతుక్కుంటుంది. నువ్వు సరిగ్గా నొక్కినావు కాబట్టే పలికింది. ఆపొద్దు. మూడు, నాలుగు..."

ఆ మాట అంటూ ఆమె తలెత్తింది. గుమ్మంలో రాజగోపాల్ మొహం పాలిపోయింది. ఆ ఎముక మాట అతను ఇంతకుముందు విన్నాడు. తనే అన్నాడు.

నోరు లెక్క పెడుతూనే ఉంది. మనసు ఎనిమిదేళ్ళు వెనక్కి పోయింది. ఆరూ నలభైకి ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది. రెండో మోతకే ఎత్తింది. "నాన్న పడిపోయినాడు, ఎగశ్వాస వస్తా ఉంది," అన్నాడు. ఇదే గొంతుతో, ఇవే మాటలు చెప్పింది. పడుకోబెట్టు, ఛాతి నడిమధ్యన, బరువు వెయ్యి, నాతో లెక్క పెట్టు. అతను నాలుగుసార్లు నొక్కాడు. అయిదోసారికి, "ఎముక విరుగుతా ఉంది. నా నాన్న ఎముకలు నన్నే విరగ్గొట్టమంటావా? అమ్మ తీర్థం తెస్తా ఉంది," అని పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. అతను ఎత్తలేదు. ఆటోలో ఇంటికొచ్చేసరికి మామ పెదాల మీద తులసాకు తడిగా ఉంది. హాలు నిండా చుట్టాలు. "ఫోన్ చేసినా, ఎత్తలేదు, డ్యూటీలో ఉండాది," అని రాజగోపాల్ ఎవరితోనో చెబుతున్నాడు. గుమ్మంలో ఆమెను చూశాడు. కళ్ళు దించుకున్నాడు. మాట దించుకోలేదు.

ఆ పొద్దు ఆమె ఎందుకు నోరు మూసుకుంది? తండ్రి పోయినవాడు, పదిరోజులు పోనీ, తనే సరిచేస్తాడులే అనుకుంది. పదిరోజులు పోయాయి. తర్వాత ఇంకో కారణం వచ్చింది. నిజం చెబితే సరోజమ్మకు ఇంకోటి కూడా తెలుస్తుంది. బతికే వీలున్న మనిషి నోట్లో తీర్థం పోసింది తన చెయ్యేనని. ఆ చేతిని కాపాడటానికి ప్రేమ తన చేతి మీద నింద మోసింది. ఆ చేతే ఆమెకు రోజూ నిందను కాఫీతో అందించింది. ఆ ఇంట్లో అంట్లు తోమినట్టు, బట్టలు మడిచినట్టు, ఆ అబద్ధాన్ని కూడా ఆమే మోసింది. దానికీ జీతం లేదు.

"నర్సమ్మా, రెండు నిమిషాలు దాటింది. నీ చేతులు నీరసపడతాయి. హనుమంతును కూచోబెట్టు."

"నేనా?" హనుమంతు గొంతు. "నాకు రాదు."

"తీర్థం పొయ్యను వచ్చింది కదా హనుమంతూ, ఇదీ వస్తుంది. ఆయమ్మ చేతులున్న చోటే పెట్టు. సిమెంటు మూట ఎత్తే బరువంతా వెయ్యి. పది లోపల మారాల. ఎనిమిది, తొమ్మిది, పది."

చప్పుడు మారింది. బరువైన చేతులు. మొదట తొందరపడ్డాయి. ఆమె గొంతు వాటిని వెనక్కి లాగి దారిలో పెట్టింది. రెండు నిమిషాలకు నర్సమ్మ, మళ్ళీ హనుమంతు, ఇంకెవరో, మళ్ళీ నర్సమ్మ. ఎసరు మరిగి మరిగి సగమైంది. సరోజమ్మ పొయ్యి తగ్గించలేదు. ప్రేమ నాలుక ఎండింది. ఎవరో నీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. ఎవరో చూడలేదు, ఒక్క గుక్క తాగింది. భయం లేదు. నిద్ర లేదు. పదిహేడేళ్ళలో ఎన్నడూ ఇంత దూరంనుంచి ఒక గుండెను పట్టుకోలేదు. ఆ రేకుల షెడ్డు, ఆ మట్టినేల, ఆ గాజులు, అన్నీ ఆమె గొంతు చివర వేలాడుతున్నాయి. గొంతు తెగదు, తెగనివ్వదు.

పద్నాలుగో నిమిషాన సైరన్ వినిపించింది. తలుపు రేకు దడదడలాడింది. అంబులెన్స్ మనిషి కన్నడంలో పక్కకు జరగమన్నాడు. చొక్కా చింపిన చప్పుడు. యంత్రం గీ అంది. "ఎల్లరూ దూర," అన్నాడు. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ప్రేమ గమనించింది. వంటింట్లో పొయ్యి ముందు తను చేతులు కట్టుకుని నిలబడి ఉంది. 

దబ్బుమని చప్పుడు. మళ్ళీ నొక్కుతున్న మోత. రెండు నిమిషాలు. ఇంకో నిశ్శబ్దం, ఇంకో దెబ్బ. తర్వాత నర్సమ్మ ఏడుపు కాదు, అంబులెన్స్ మనిషి గొంతు దగ్గరగా వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"పల్స్ బంతు, మేడం."

నాడి దొరికింది. ప్రేమ అరికాళ్ళనుంచి ఆ జివ్వు లేచి నడినెత్తిదాకా పోయింది. "మా ఆస్పత్రికే తీసుకురండి, నేను వస్తా ఉన్నాను," అని అతనికి కన్నడంలో చెప్పింది. వెంటనే ఎమర్జెన్సీలో నర్సు శైలజకు ఫోన్ చేసింది. నలభై ఆరేళ్ళ మగమనిషి, పద్నాలుగు నిమిషాలు చేత్తో నొక్కారు, రెండు షాకులు, గుండె నాళం తెరిచే గది సిద్ధం చేయించు. అంతే. ఫోన్ పెట్టి కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో అనపతొక్కల వాసన పోలేదు.

"అయిందా?" అన్నాడు రాజగోపాల్. గొంతు నవ్వు వైపు లాగాలని చూశాడు. "గ్రేట్. రియల్లీ. చిన్నాన్న షుగర్ మనిషి, ఆకలితో ఉండాడు. ముద్ద అయినాక వెళ్దువులే. ఇకమీదట ఇట్లాంటివి ఉండవు కదా."

సరోజమ్మ తెడ్డు కింద పెట్టింది. ఆమె కొడుకు వైపు చూడలేదు. కోడలి మొహం చూసింది. ఎనిమిదేళ్ళలో అంతసేపు చూసింది ఇదే.

"ఎగశ్వాస వచ్చినాక కూడా మనిషి వస్తాడా?"

"అందరూ రారత్తా. కొందరు వస్తారు. నొక్కితే."

"మీ మామకూ అట్లే వచ్చింది. నోరు తెరిచి గుంజినాడు." చెయ్యి చాచి పొయ్యి ఆపింది. "ఆ పొద్దు నువ్వు ఫోన్ ఎత్తింటే, ఇట్లే చెప్పింటావా?"

"ప్రేమా," అన్నాడు రాజగోపాల్. ఒక్క మాటే. అందులో ఆజ్ఞ ఉంది, బతిమాలటం ఉంది.

ఆమెకు జాలి కలిగింది. అతని మీద కాదు. ఆ ముసలి కుడిచేతి మీద. చెబితే ఆ చెయ్యి ఇక ఏ రాత్రీ నిద్రపోదు. చెప్పకపోతే కింద మెట్ల దగ్గర బోర్డు పేపరు విప్పుకుంటుంది. రోజూ పొద్దున పదికి తను వెళ్ళి ఆ అబద్ధం కింద కూర్చోవాలి. కుందలహళ్ళిలో ఇంకెవరో ఇంకెవరి నోట్లోనో తీర్థం పోస్తుంటే, ఇక్కడ దగ్గుకు సిరప్ రాయాలి.

"ఎత్తినానత్తా," అంది. "ఇట్లే చెప్పినాను. ఫోన్‌లో రెండు నిమిషాల పదకొండు సెకన్లు."

హాలులో మునిరాజు పంచాంగం మూసిన చప్పుడు వినిపించింది.

సరోజమ్మ నెమ్మదిగా కొడుకు వైపు తిరిగింది. "ఎత్తిందా రా?"

"అమ్మా, నాకు చేతులు రాలేదమ్మా," అన్నాడు రాజగోపాల్. "అప్పుడు నా పరిస్థితి ఎవరూ..." వాక్యం పూర్తి చేయలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత నోరు విప్పి కూడా అతను చెప్పుకున్నది తన పరిస్థితే.

సరోజమ్మ తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. కొంగుకు తుడుచుకుంది. తడి లేదు, అయినా తుడుచుకుంది. ఏడవలేదు. బేసిన్ ఎత్తి, నీళ్ళు తొణుకుతుండగా, తీసుకెళ్ళి కొడుకు ముందు డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

"కూచో. మిగిలింది నువ్వు పితుకు," అంది. తర్వాత, తల తిప్పకుండా, "నువ్వు పో ప్రేమా. ఆ నర్సమ్మ ఒక్కతే ఉంటాది ఆడ."

ఒక్క మాటతో ఎనిమిదేళ్ళ కాఫీలు తీరిపోవు. ప్రేమ క్షమించలేదు. క్షమించడానికి ఆమెకిప్పుడు తీరికా లేదు. బ్యాగు తగిలించుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది.

మెట్ల కింద బోర్డు పేపరులో నిలబడి ఉంది. దాని పక్కనే నిలబడి ఆమె ఫోన్ తీసింది. రాజగోపాల్ రాసిన మెయిల్ తెరిచింది. 'గౌరవనీయులైన సార్‌కు, కుటుంబ బాధ్యతల రీత్యా' అని మొదలైంది. సార్‌కు అన్నదాకా ఉంచింది. మిగతాది చెరిపేసింది. 'విభాగం బాధ్యత తీసుకుంటున్నాను. రేపు ఉదయం ఏడింటికి వస్తాను' అని రాసి, సెండ్ నొక్కింది. తర్వాత పరుగులాంటి నడకతో గేటు దాటింది. ఎదురుగా వచ్చిన ఆటోను ఆపి ఆస్పత్రి పేరు చెప్పి, తొందరగా పోనీయప్పా అంది. ఎండ మొహం మీద పడింది. గొంతు బొంగురుపోయింది. పెదాలు ఇంకా ఒకటినుంచి పదిదాకా కదులుతున్నాయి.

మలుపు తిరగకముందే ఫోన్ మోగింది. రాజగోపాల్. ఒకసారి మోగి ఆగి మళ్ళీ మోగింది. ఆటో అతను అద్దంలో చూశాడు. ప్రేమకుమారి ఆ పేరు చూస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా తనమీద ఉన్న మాటను ఆమె మొదటిసారి నిజం చేసింది.

ఎత్తలేదు.